గీత బయటి ఇల్లు

నేను మొండిదాన్నని మా పుట్టింటివాళ్ళందరూ ఒప్పుకుంటారు. చిన్నప్పుడు పాములవాడి బుట్టలో చెయ్యి పెట్టబోయానని మా మేనత్త ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. అలాంటి నేను పంతొమ్మిది వందల అరవై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలం చివర్లో ఒక వారం పాటు నా నీడను చూసి నేనే ఉలిక్కిపడ్డాను. ఆ వారంలో నేను చేసిన తప్పేమిటో చెబుతాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు.

మాది రేపల్లె దగ్గరి పల్లె. మా ఆయన రామబ్రహ్మం ద్రాక్ష పందిళ్ళ పని బాగా తెలిసిన మనిషి. ఆ పనితనం మమ్మల్ని హైదరాబాదు దాకా లాక్కొచ్చింది. మదీనాగూడ దాటాక బొంబాయి రోడ్డు దిగి మైలు దూరం నడిస్తే ఒక చిన్న ఊరు, ఆ ఊరి పక్కనే పన్నెండెకరాల ద్రాక్ష తోట. ఆసామి పట్నంలో ఉండేవాడు. తోట చూసుకోమని మాకు అందులోనే రెండు గదుల పెంకుటిల్లు ఇచ్చాడు. ఊరికీ మా ఇంటికీ మధ్య ఒక వాగు. వానలు పడితే తప్ప అందులో నీళ్ళుండవు. మా కిటికీలోంచి చూస్తే వాగు అవతలి గట్టు, దాని మీద చెట్లు కనబడేవి. ఊళ్ళోని ఇళ్ళు మాత్రం కనబడేవి కావు. ఈ సంగతి గుర్తుంచుకోండి, నా తప్పులో దీనికీ వాటా ఉంది.

మొదటి ఆరు నెలలూ నేను అడిగింది ఊరివాళ్ళకూ, వాళ్ళు చెప్పింది నాకూ సగమే ఎక్కేది. గోంగూర కోసం ఊరంతా తిరిగి, ఈ దేశంలో గోంగూరే పండదని ఇంటికి ఉత్తరం కూడా రాసేశాను. తర్వాత చూస్తే అది రుక్కమ్మ పెరట్లో నడుమెత్తు పెరిగి ఉంది, పుంటికూర అనే పేరుతో. ప్రతి మాటకూ నేను అండీ అంటుంటే పిల్లలు నా వెనక అండీ, అండీ అని పాడుకుంటూ నడిచేవారు. ఊళ్ళో నా పేరు రత్నమాల అని తెలిసినవాళ్ళు నలుగురు కూడా లేరు. అందరికీ నేను ఆంధ్రమ్మనే. ఆ పిలుపు వింటే నాకు ఒళ్ళు మండేది. మా ఊళ్ళో అయితే పిలిచినవాడి నోరు మూయించి ఉండేదాన్ని.

రుక్కమ్మ మాత్రం బిడ్డా అనేది. ఆమెకు అరవై ఏళ్ళుంటాయి. తోటలో మేస్త్రీగా ఉన్న సాయిలుకి తల్లి, అతను అవ్వా అని పిలిచేవాడు. నాకు పాప పుట్టినప్పటి నుంచీ రోజూ వచ్చి నూనె రాసి నీళ్ళు పోసేది. జొన్నరొట్టె కొట్టడం నాకు నేర్పాలని పట్టుబట్టింది. నేను చేసిన మొదటి రొట్టెను చేతిలో తిప్పి చూసి, "ఇది పొయ్యిల పెట్టేదా, కడుపుల పెట్టేదా బిడ్డా?" అంది. నేనూ ఊరుకోలేదు. నా ఆవకాయ ఒక ముద్ద కలిపి పెడితే కళ్ళనీళ్ళు పెట్టుకుని చెంబెడు నీళ్ళు తాగింది. అలా ఒకరినొకరం ఏడిపించుకుంటూ రెండేళ్ళు బాగానే గడిపాం.

ఆ ఏడు చలికాలంలో పట్నంలో గొడవలు మొదలయ్యాయి. తెలంగాణ వేరే కావాలని విద్యార్థులు రోడ్లెక్కారు. ఎండలు ముదిరేసరికి బందులు, కాల్పులు, కర్ఫ్యూలు అన్న మాటలు మా తోట దాకా వచ్చాయి. ఒకరోజు నేను సాయిలుని సూటిగా అడిగేశాను, మీకూ మా మీద కోపమేనా అని.

సాయిలు తలపాగా విప్పి దులిపి మళ్ళీ కట్టుకున్నాడు. "మా తమ్ముడు మెట్రిక్ పాసై మూడేండ్లాయెనమ్మా. నౌకరీ లేదు. ఎవరెవరో వచ్చి చేస్తున్నరు, వాడు గొడ్లు కాస్తున్నడు. నీ మీద కోపం లేదు, ఫికర్ చెయ్యకు. గని కోపమైతే ఉన్నది."

ఆ మాటలో దాపరికం లేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

జూన్ నెలలో ఒక ఆదివారం మూసాపేట నుంచి సుబ్రహ్మణ్యం సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. అతను మా ఆయనకు దూరపు బంధువు, సర్కారు కచేరీలో గుమాస్తా. అప్పటికే పెళ్ళాంపిల్లల్ని బాపట్ల పంపేశాడు. మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని తాగడం కూడా మరిచిపోయి గుసగుసగా చెప్పాడు. "మనవాళ్ళ ఇళ్ళకు గుర్తులు పెడుతున్నారు బావా. ముందు గోడ మీద గుర్తు పడుతుంది. రెండో రోజో మూడో రోజో ఆ ఇల్లు తగలబడుతుంది."

"నువ్వు చూశావా?" అన్నారు మా ఆయన.

"చూసేదాకా ఉంటే నేను ఉంటానా?" అన్నాడు సుబ్రహ్మణ్యం. నిప్పు లేనిదే పొగ రాదని ఒక సామెత కూడా చెప్పి వెళ్ళిపోయాడు. ఆ పొగ మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ మర్నాడే సాయిలు వచ్చి బొడ్రాయి పండుగ సంగతి చెప్పాడు. ఊరి నడుమ పాతిన రాయి బొడ్రాయి. అది ఒరిగిపోయిందట, నలభై ఏళ్ళ తర్వాత మళ్ళీ నిలబెడుతున్నారు. "బేస్తారం పొద్దుగాల్ల ఊరు కడ్తమమ్మా. చుట్టూ గీత గీస్తరు. ఇగ మల్ల తెల్లారేదాక లోపలున్నోల్లు బయటికి పోవద్దు, బయటోల్లు లోపలికి రావద్దు," అన్నాడు. బేస్తారమంటే గురువారం. గీత గీస్తే ఊరికి రోగాలు రావట. నేను సరేనన్నాను. నా బుర్ర సుబ్రహ్మణ్యం మాటల దగ్గరే ఉంది. ఆ గీతలో మా ఇల్లుంటుందా, ఉండదా అని అడగాలని నాకు తోచనే లేదు.

బుధవారం ముగ్గురం లింగంపల్లి అంగడికి వెళ్ళి పొద్దు వాలేవేళకు తిరిగొచ్చాం. తలుపు పక్కన తెల్లటి గోడ మీద మూడు ఎర్రటి గుర్తులున్నాయి. ఒక్కొక్కటీ అరచేయంత ఉంది, ఇంకా తడి ఆరలేదు. నా చేతిలోని సంచి జారి ఉల్లిపాయలు వాకిలంతా దొర్లాయి.

మా ఆయన గోడ దగ్గరకు వెళ్ళి వేలితో ముట్టి వాసన చూశారు. "ఎర్రమట్టిలా ఉందే. సాయిలుని అడిగి వస్తానుండు," అన్నారు.

"అడిగితే చెబుతారా? రేపు మీ ఇల్లు కాలుస్తామండీ, కాస్త ఓపిక పట్టండీ అంటారా?" అని ఎగిరిపడ్డాను. ఆయన మెతక మనిషి, నా నోటికి జడిసి ఆగిపోయారు. కొబ్బరి పీచు, కుంకుడు నురుగు, రెండు బిందెల నీళ్ళు పెట్టి ఆ గోడను నేనే తోమాను. సున్నం రాలి ఇటుక బయటపడేదాకా తోమాను. రాయి మీద రాయి పడినా ఈ ఇంట్లో ఉండేది లేదని, పొద్దున్నే బండి చూడమని ఆయన వెంటపడ్డాను. ఆయన తెల్లవారుజామునే సైకిలు తీశారు. "లింగంపల్లి స్టేషన్లో కనుక్కుని పదింటికల్లా వస్తాను. ఎవరు పిలిచినా తలుపు తియ్యకు," అని చెప్పి వెళ్ళారు.

తెల్లగా తెల్లవారాక డప్పులు వినబడ్డాయి. పాపను ఎత్తుకుని కిటికీ రెక్క వేలెడంత తెరిచి చూశాను. ముప్పై మంది దాకా మగవాళ్ళు వాగు దాటి మా ఇంటివైపే వస్తున్నారు. ముందు నడిచేవాడి చేతిలో కత్తి. ఇంకొకడు గంపలోంచి ఎర్రటి అన్నం తీసి దారి పొడవునా చల్లుతున్నాడు. వేపకొమ్మలు, పసుపు పూసిన ఒళ్ళు, కేకలు.  దేవుడి పేరు ఒక్కటీ గుర్తు రాలేదు.

వాళ్ళు వాకిట్లోకి వచ్చి గోడ ముందు ఆగారు. డప్పు కూడా ఆగింది.

"గుర్తు లేదేందిరా?" అన్నాడు కత్తి పట్టుకున్నవాడు.

"అవ్వ పెట్టిందే నిన్న. అన్నిండ్లకు పెట్టినట్టే జాజుతోని పెట్టింది," అంది సాయిలు గొంతు. గోడ మీద అతని చెయ్యి రాసుకున్న చప్పుడు వినబడింది. "కడిగిండ్రు. జూడు, సున్నం గూడ పోయింది."

"వాల్లే వద్దనుకుంటే మనమెట్ల కలుపుకుంటం? వెనుకకు మర్రుండ్రి," అన్నాడు కత్తి పట్టుకున్నవాడు.

అప్పుడు అర్థమైంది నాకు. ఊళ్ళో ప్రతి ఇంటికీ ఆ గుర్తులున్నాయి. ఆ ఇళ్ళన్నీ తమవని లెక్క. మమ్మల్నీ లెక్కలో కలుపుకుందామని రుక్కమ్మ తన చేత్తో పెట్టిన జాజుమట్టి బొట్లను నేను పీచు పెట్టి తోమేశాను. పాపతోనే తలుపు తీసుకుని వాగులోకి పరుగెత్తాను. అప్పటికే వాళ్ళు వాగు అవతలి గట్టు మీద ఎర్రన్నం చల్లుకుంటూ, వేపరెమ్మల తాడు కట్టుకుంటూ పోతున్నారు.

"ఆగు అమ్మా, ఆగు! ఇగ గీత దాటొద్దు," అని సాయిలు చెయ్యి అడ్డం పెట్టాడు.

"తెలియక చేశాను సాయిలూ. గుర్తులు పెట్టి ఇళ్ళు కాలుస్తారని ఎవరో చెబితే..."

సాయిలు ముఖం వాడిపోయింది. "మేం కాలుస్తమనుకున్నవా అమ్మా?" అన్నాడు.  అతని వెనక ఆడవాళ్ళలో రుక్కమ్మ నిలబడి ఉంది. నా వైపు చూడలేదు. "రేపు తెల్లారేదాక గంతే. ఇంట్లకు వొయ్యి గొల్లెం పెట్టుకో," అని సాయిలు వెళ్ళిపోయాడు.

పదయింది, మా ఆయన రాలేదు. పన్నెండయింది. పొయ్యి వెలిగించలేదు, పాపకు చన్నిచ్చి నేను నీళ్ళు తాగాను. సైకిలు బెల్లు మోగినట్టు పదిసార్లు వినబడింది, పదిసార్లూ ఏమీ లేదు. ఆయన్ని దారిలో ఆపి ఉంటారని ఒకసారి, కొట్టి ఉంటారని ఒకసారి అనుకున్నాను. ఆ తర్వాత అనుకున్నవి నోటితో చెప్పలేను.

ఎండ కాస్త వాలాక రోడ్డు వైపు నుంచి లారీ చప్పుడు వచ్చింది. అవతలి గట్టు కొసన, ఊరి మొగదల ఆగింది. పదిహేను మంది కుర్రాళ్ళు దిగారు. ఎవరూ ఆ ఊరివాళ్ళు కాదు. చేతుల్లో కర్రలున్నాయి, ఒకడి చేతిలో కిరసనాయిలు డబ్బా ఉంది. గీత చూసి ఆగిపోయారు. వాళ్ళూ ఆ నేల పిల్లలే, ఊరు కట్టారంటే దాటకూడదని వాళ్ళకు చెప్పక్కర్లేదు.

"ఆంధ్రోల్ల తోట ఏది?" అని ఒకడు గీత ఇవతలి నుంచే అరిచాడు.

అవతల గట్టు మీద ఊరంతా ఉంది. ఒక్కరూ చెప్పలేదు. ఒక్కరూ లేదనలేదు కూడా. అరిచినవాడు చుట్టూ చూసి పందిళ్ళ వైపు చెయ్యి చూపించాడు. అందరూ బండిబాట పట్టి తోట వైపు తిరిగారు.

 వెనక తలుపు తీసుకుని పరుగెడదామంటే చుట్టూ పందిళ్ళే, ఆపైన బీడు. ఎనిమిది నెలల పిల్లతో ఎంత దూరం పోతాను? కిటికీకి అతుక్కుపోయి నిలబడ్డాను. అప్పుడు చూశాను, అవతలి గట్టు మీద గుంపులోంచి ఒక మనిషి విడివడింది. "అవ్వా! ఏం జేస్తున్నవే!" అని సాయిలు అరుస్తూ చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది. వేపతాడు కింద నుంచి వంగి, గీత దాటి వాగులోకి దిగింది. రుక్కమ్మ.

వాళ్ళు బండిబాటన చుట్టు తిరిగి వస్తున్నారు. ఆమె వాగులోంచి అడ్డం పడి వస్తోంది. అరవై ఏళ్ళ మనిషి, పరుగెత్తలేదు. చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని, ఇసుకలో కాళ్ళు దిగబడుతుంటే నడుస్తోంది. ఎవరు ముందు వస్తారో అని ఇటూ అటూ చూస్తున్నాను.

ఆమే ముందు వచ్చింది. అరుగు మీద చతికిలబడి తలుపుకి వీపు ఆనించింది. "తియ్యకు బిడ్డా. నోరు తెరువకు," అంది రొప్పుతూ. అంతలోనే అడుగుల చప్పుడు వాకిట్లోకి వచ్చింది.

"అవ్వా, ఆంధ్రోల్ల ఇల్లు ఇదేనా?"

"తోట వాల్లది. వాల్లు పొద్దుగాల్లనే లింగంపల్లి బండికి పోయిండ్రు."

"మరి నువ్వీడేం జేస్తున్నవ్? ఊరు కట్టిండ్రు గద. అందరు లోపలుంటే నువ్వొక్కదానివి బయటెందుకున్నవ్?"

అడిగినవాడు తెలివైనవాడు. రుక్కమ్మ వీపు ఒత్తుకుని తలుపు కిర్రుమంది. 

"లోపల నా బిడ్డున్నది," అంది రుక్కమ్మ. "నిన్న పొద్దుమీకి పురుడైంది. మైల ఇంటిని గీతల కలుపుతరారా? మీ ఊర్ల కలుపుతరా?"

"కలుపరు," అన్నాడు వెనక నుంచి ఎవరో, మెల్లగా. ఒకడు అరుగు మీద నుంచి కాలు కిందికి తీసిన చప్పుడు వినబడింది.

"పసిపిల్ల సప్పుడు లేదేంది మరి?" అన్నాడు మొదటివాడు. "తలుపు తియ్యమను, జూస్తం."

పాప నా భుజం మీద నిద్రపోతోంది. అప్పటిదాకా అది లేవకూడదని వెయ్యి దేవుళ్ళకు మొక్కుకున్నాను. ఇప్పుడు దాని ముఖాన్ని నా గుండెలకు అదుముకుని, చేతి మీద మెత్తటిచోట చూసి గిల్లాను. ఉలిక్కిపడింది కానీ ఏడవలేదు. గోళ్ళు దించి మళ్ళీ గిల్లాను. కెవ్వుమంది. నా ఒంటికి అదిమి పెట్టడంతో ఆ ఏడుపు సన్నగా, తీగలా బయటికి వెళ్ళింది. వదలకుండా ఇంకోసారి గిల్లాను. పసికందు ఏడుపూ ఎనిమిది నెలల పిల్ల ఏడుపూ ఒకటి కాదు, ఆడవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. నా అదృష్టం, ఆ పదిహేను మందిలో ఆడమనిషి లేదు.

"నడువుండ్రిరా, బాలింత ఇంటి ముంగట ఏంది మనకు," అన్నారెవరో. "మాఫ్ జెయ్యి అవ్వా."

పోతూ పోతూ పందిరి తీగలు నాలుగు వరసలు తెగ్గొట్టారు. రాతి కూసాలు కూలిన చప్పుడు ఇంట్లోకి వినబడింది. లారీ చప్పుడు రోడ్డు దాకా వెళ్ళి ఆగిపోయేదాకా నేను కదలలేదు.

తలుపు తీసేసరికి రుక్కమ్మ అలాగే కూర్చుని ఉంది. లేవబోయింది, లేవలేకపోయింది. ఆమె కాళ్ళు రెండూ గడగడా వణుకుతున్నాయి. చేతులతో మోకాళ్ళు నొక్కి పట్టుకుంది, అయినా వణుకు ఆగలేదు. ఆ వారమంతా భయం మా ఒక్కరిదే అనుకున్నాను నేను.

ఆమె పాదాల దగ్గర కూలబడి, గోడ కడిగింది నేనేనని చెప్పాను.

"ఎరుకే," అంది. "మొగోల్లు అంత సాఫ్‌గ కడుగుతరా?" నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. వాగు అవతల సాయిలు నిలబడి ఉన్నాడు. అక్కడి నుంచే, రేపు పొద్దెక్కినాక పెద్దమనుషులు కూర్చుంటారని, ఆమెను పిలుస్తామన్నారని కేకేసి చెప్పాడు. 

"నలభయ్యేండ్ల కింద గిట్లనే ఒకామె గీత దాటింది," అంది రుక్కమ్మ, నాతో కాదు, ఎదురుగా ఉన్న నేలతో చెబుతున్నట్టు. "ఆ ఏడు గొడ్లు సచ్చినయ్. ఆమెను సచ్చేదాక బాయి కాడికి రానియ్యలే. నేనప్పుడు కొత్త కోడల్ని. నేను గూడ నీల్లు పొయ్యలే ఆమెకు."

పొద్దు వాలేముందు మా ఆయన వచ్చారు. రోడ్డు మీద అడ్డాలు పెట్టారట, సైకిలు ఎత్తుకుని పొలాలకు అడ్డంపడి నడిచి వచ్చారట. కూలిన పందిరి చూసి, నన్నూ పాపనూ చూసి గోడ పట్టుకుని నిలబడిపోయారు. జరిగింది చెప్పాను. ఆయన రుక్కమ్మకు చేతులు జోడించారు. తర్వాత జేబులోంచి టిక్కెట్లు తీశారు. "రేపు ఉదయం ఏడింటికి బండి ఉంది. చీకటితోనే బయలుదేరాలి. సామాను వదిలెయ్, పాపవి మాత్రం సర్దు."

ఆ మాటకు రుక్కమ్మ తలెత్తింది. "పోండ్రి బిడ్డా. పోవుడే మంచిది," అంది. కొంచెం ఆగి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "అయితే నేనెందుకు దాటిన్నో పెద్దమనుషులకు ఎవరు జెప్తరు? నా మాట నమ్ముతరో లేదో," అంది. అడగడం కాదది. అడగకూడదనుకుంటూనే నోరు జారింది.

నేను టిక్కెట్ల వైపు చూశాను. ఆ బండి ఎక్కితే మూడోనాటికి మా అమ్మ ఒడిలో తల పెట్టుకుని పడుకుంటాను. ఎక్కకపోతే ఊరి నడుమ మూడు వందల మంది ముందు నిలబడి, నా భాష విని నవ్వే వాళ్ళకు, నా మీద కోపమున్న వాళ్ళకు, ఈమె గీత దాటిన తప్పు నాదని చెప్పాలి. ఆ లారీ మళ్ళీ రాదని కూడా ఎవరూ చెప్పలేరు.

"బండి పోనివ్వండి," అన్నాను.

"నీకు భయం లేదుటే?" అన్నారు ఆయన.

"ఉందండీ. చచ్చేంత ఉంది," అన్నాను.

ఆయన టిక్కెట్లు మడిచి జేబులో పెట్టుకున్నారు. రుక్కమ్మ పాపను నా చేతుల్లోంచి తీసుకుని ఒళ్ళో పడుకోబెట్టుకుంది. దాని చేతి మీద నేను గిల్లినచోట మూడు మచ్చలు నల్లగా కమిలి ఉన్నాయి. నూనె గిన్నె తెమ్మని నాకు సైగ చేసి, ఒక్కొక్కదానికీ రాయడం మొదలుపెట్టింది.